పిల్లాడి చేతికి తొలి తుపాకీ

అమెరికాలో ఉన్న అన్న జింకల వేటకు వెళ్తున్నాడు. సిద్దిపేటలో ఉన్న తమ్ముడు తనకూ ఓ రైఫిల్ కావాలంటున్నాడు. ఏ పిల్లాడికి ఏ తుపాకీ? ఎంత గుండు? అసలు ఇవ్వొచ్చా?

సిద్దిపేటలో ఓ ఇల్లు. దసరా సెలవులు. ఎనిమిదో తరగతి చదివే మనవడు ఫోన్ పట్టుకుని తాత దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. వీడియోకాల్‌లో డాలస్ నుంచి చిన్నాన్న కొడుకు. ఆరెంజ్ రంగు జాకెట్ వేసుకుని తెగ సంబరపడిపోతున్నాడు. నవంబరులో నాన్నతో కలిసి జింకల వేటకు వెళ్తున్నాడట. కొనబోయే రైఫిల్ .243 అయితే మంచిదా, .308 అయితే మంచిదా అన్నదే ఇంకా తేలలేదట.

ఫోన్ పెట్టేయగానే ఇక్కడి మనవడు మొదలెట్టాడు.

'తాతా, జింకను కొట్టాలంటే ఏ తుపాకి కావాలె? నాకు గూడ ఒకటి కొనియ్యరాదే!'

తాత వెంటనే జవాబు చెప్పలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. 'కొందాం తియ్యి గని... ముందుగాల ఇట్ల కూసో' అన్నాడు.

ప్రశ్న ఒక్కటే. జవాబు మాత్రం రెండు దేశాల్లో రెండు రకాలు.

అక్కడ వేటకూ పాఠాలు

అమెరికాలో తెల్లతోక జింకలు దాదాపు మూడు కోట్లు ఉంటాయని అంచనా. వాటిని తిని బతికే తోడేళ్లూ ప్యూమాలూ చాలా రాష్ట్రాల్లో ఎప్పుడో కనుమరుగయ్యాయి. దాంతో జింకలు పంటల మీద పడతాయి, రోడ్ల మీద కార్లకు అడ్డమొస్తాయి. అందుకే అక్కడి ప్రభుత్వాలే సీజన్ పెట్టి, లైసెన్సు ఇచ్చి, మనిషికి ఇన్ని అని లెక్క కట్టి వేటకు అనుమతిస్తాయి. తుపాకులూ తూటాల అమ్మకాల మీద వేసే పన్నును వన్యప్రాణుల సంరక్షణకే ఖర్చుపెట్టాలని 1937లోనే చట్టం చేసుకున్నారు.

అలాగని ఎవరు పడితే వాళ్లు తుపాకీ భుజాన వేసుకుని అడవికి వెళ్లిపోవడానికి లేదు. టెక్సాస్‌నే తీసుకుంటే, 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లంతా వేట నేర్పే కోర్సు పూర్తిచేయాలన్నది నియమం. తొమ్మిదేళ్లు నిండిన పిల్లలు ఆ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇంకోటుంది. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నవారికే ఆ వెసులుబాటు. పక్కింటి అమెరికన్ కొన్నాడు కదా అని మనమూ కొంటే చిక్కుల్లో పడతాం!

చిన్న గుండే ఎందుకు?

ఇక అసలు ప్రశ్న... .243 మంచిదా, .308 మంచిదా?

ఈ అంకెలు స్థూలంగా తూటా మందాన్ని చెబుతాయి. .22 అంటే అంగుళంలో నూటికి 22 వంతులు, సుమారు 5.6 మిల్లీమీటర్లు. .243 అంటే ఆరు మిల్లీమీటర్లు దాటుతుంది. .308 అంటే దాదాపు 7.8 మిల్లీమీటర్లు. అంకె పెరిగేకొద్దీ తూటా బరువూ పెరుగుతుందని మోటుగా అనుకోవచ్చు. దాంతోపాటు పెరిగేది మరోటుంది... భుజానికి తగిలే తన్ను.

తూటా ముందుకు వెళ్తే తుపాకీ వెనక్కి తన్నాల్సిందే. న్యూటన్ చెప్పిన సూత్రమే. అమెరికా సైన్యం 1906లో తీసుకొచ్చిన .30-06 పెద్దవాళ్లు జింకల వేటకు ఎక్కువగా వాడే రకం. దాని తన్ను .243తో పోలిస్తే దాదాపు రెట్టింపు. నలభై కిలోల పిల్లాడి భుజానికి అది ఒక్కసారి తగిలిందంటే చాలు. రెండోసారి ట్రిగ్గర్ నొక్కబోయే ముందే కళ్లు మూసుకుంటాడు, భుజం బిగబడతాడు. గురి కాస్తా పక్కకు పోతుంది. ఆ బెదురు ఒకసారి పట్టుకుందంటే వదిలించడం ఎంతటి గురువుకైనా కష్టమే.

గురి తప్పితే నష్టం పిల్లాడికి కాదు, జింకకు. గుండె, ఊపిరితిత్తులు ఉండేచోట తగిలితే క్షణాల్లో ప్రాణం పోతుంది. పొట్టలోనో కాలికో తగిలితే మాత్రం పొదల్లోకి పారిపోయి గంటల తరబడి విలవిల్లాడుతూ చస్తుంది. అందుకే అక్కడి అనుభవజ్ఞులు పిల్లలకు పెద్ద తుపాకీ వద్దంటారు. 1955లో .308 తూటా గొట్టం మెడను సన్నం చేసి తయారుచేసిన .243 చాలా ఇళ్లలో పిల్లల తొలి వేట రైఫిల్ అయింది అందుకే. దాని తూటా ఆరున్నర గ్రాములే. దగ్గరి దూరంలో సరైన చోట తగిలితే జింకకు అది చాలు.

'అయితే ఇంకా చిన్నదైన .22 ఇస్తే పోలా?' అనిపించొచ్చు. పోదు. రెండున్నర గ్రాముల ఆ తూటాకు జింకను వెంటనే పడగొట్టే బలం లేదు. గాయపరిచి వదిలేస్తుంది. అందుకే టెక్సాస్‌లో ఆ రకం తూటాలతో జింకను కొట్టడం నిషిద్ధం. అది కాగితం మీద గురి నేర్చుకోవడానికి మాత్రం బంగారం. ముందు .22తో వందల గుళ్లు కాగితం మీద కాల్చి, చేయి కుదిరాక, పిల్లాడి చేతి పొడవుకు సరిపోయే కట్ట ఉన్న .243 ఇవ్వాలి. డాలస్ మనవడి ప్రశ్నకు ఇదీ జవాబు.

తాత చెప్పిన సంగతి

గాయపడ్డ జింక ఎలా ఉంటుందో తాతకు ఎవరూ చెప్పక్కర్లేదు. అరవయ్యో దశకం చివర్లో, పదహారు పదిహేడేళ్ల వయసులో, ఊరి పెద్దల వెంట రాత్రిపూట వేటకు వెళ్లాడు. చేతిలో భర్మార్ తుపాకీ. మందు కూరి, రవ్వలు పోసి కాల్చేది. చెలకలో మెరిసిన రెండు కళ్లను చూసి కాల్చాడు. జింక పడలేదు. పొద్దున నెత్తుటి చుక్కలు పట్టుకుని పోతే వాగు ఒడ్డున కనిపించింది. ఇంకా చావలేదు. పక్కన పిల్ల నిలబడి ఉంది.

'అగో... గప్పటి సంది ముట్టలే' అన్నాడు తాత. మనవడు నోరెత్తలేదు.

ఇక్కడ గురి పెడితే జైలే

మన దేశంలో జింకకు ఏ తుపాకీ మంచిదన్న ప్రశ్నే లేదు. ఏ తుపాకీ అయినా నేరమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకు వేట లైసెన్సులు ఇచ్చే వీలుండేది. 1991 సవరణతో ఆ తలుపూ మూసేశారు. 2022 సవరణ తర్వాత కృష్ణజింక మొదటి షెడ్యూల్లో, చుక్కల జింక రెండో షెడ్యూల్లో ఉన్నాయి. మొదటి షెడ్యూల్ జంతువును చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల రూపాయల జరిమానా. రెండో షెడ్యూల్ జంతువైతే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. తుపాకీ, బండీ కూడా జప్తే.

'పల్లెటూళ్లో ఎవరు చూస్తార్లే' అనుకోవడానికి లేదు. 1998లో రాజస్థాన్‌లో కృష్ణజింకలను వేటాడిన కేసులో సినీనటుడు సల్మాన్‌ఖాన్‌కు ఇరవై ఏళ్ల తర్వాత, 2018 ఏప్రిల్‌లో, జోధ్‌పూర్ కోర్టు అయిదేళ్ల శిక్ష వేసింది. ఆయన అప్పీలు చేసుకుని బెయిలు మీద బయటికొచ్చారు. అంత పెద్ద హీరోనే ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది!

పైగా చుక్కల జింక మన రాష్ట్ర జంతువు. తెలంగాణ వచ్చిన 2014లోనే ఆ గౌరవం దానికి దక్కింది.

వేట మైదానాలే జింకల ఇళ్లు

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు వేటంటే ప్రాణం. ఆయన వేట విడిదులను రాజా దీన్‌దయాళ్ తీసిన ఫొటోల్లో ఇప్పటికీ చూడొచ్చు. సిద్దిపేట ఒకప్పుడు ఉన్న పాత మెదక్ జిల్లాలోని పోచారం అడవి నిజాంల వేట మైదానమే. ఇప్పుడది అభయారణ్యం. అక్కడ జింకల పెంపక కేంద్రమూ ఉంది. హైదరాబాద్ వనస్థలిపురంలోని హరిణ వనస్థలిదీ అదే కథ. ఒకప్పుడు నిజాం వేటాడిన చోట ఇప్పుడు కృష్ణజింకలు నిర్భయంగా గంతులేస్తున్నాయి. సెలవు రోజున పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. తుపాకీకి బదులు బైనాక్యులర్స్ ఇవ్వండి.

మరి అడవిపందులు?

సిద్దిపేట జిల్లాలో మక్క వేసిన రైతునడిగితే ఇంకో మాట చెబుతాడు. రాత్రికి రాత్రే అడవిపందుల మంద పడి చేనంతా పడగొట్టి పోతుంది. ఆ బాధ నిజం. కానీ దానికీ సొంత తుపాకీ మందు కాదు. పంటను పాడుచేసే పందులను కూడా అధికారుల అనుమతితో, వాళ్లు ఒప్పుకున్న షూటర్లే కాల్చాలి. చేను చుట్టూ కరెంటు తీగ పెట్టడం మరీ ఘోరం. పంది కోసం పెట్టిన తీగ తగిలి పక్క చేను రైతో, పెట్టిన రైతో చనిపోయిన వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. గట్ల వెంట ఆముదం వరుసలు వేయడం, పాత చీరలు కట్టడం, వంతులవారీగా కావలి కాయడం... కష్టమైనా ఇవే ప్రాణాలు తీయని దారులు.

మన పిల్లాడికి 4.5

మరి మనవడి సరదా సంగతేంటి? దానికీ ఓ దారుంది. అది ఒలింపిక్స్ దాకా పోయే దారి!

షూటింగ్ క్రీడలో పిల్లలు మొదలుపెట్టేది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో, లేదా ఎయిర్ పిస్టల్‌తో. ఇందులో మందుగుండు ఉండదు. గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల సీసం గుండు, అంటే .177, దూసుకెళ్తుంది. దాని బరువు అర గ్రాము. భుజానికి తన్ను దాదాపు ఉండదు కాబట్టి బెదురు పుట్టదు. అమెరికా అనుభవజ్ఞులు .243 గురించి చెప్పే మాటే ఇక్కడ ఇంకా బాగా సరిపోతుంది. చిన్న గుండు, పెద్ద గురి!

ఎంత పెద్ద గురంటే... రైఫిల్ పోటీలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. పది మీటర్ల దూరం నుంచి దాన్ని కొట్టాలి. గంటా పావులో అరవై గుళ్లు. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం తెచ్చింది ఇదే పోటీ. 2012 లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కాంస్యం గెలిచిందీ ఇందులోనే. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ తొమ్మిదేళ్ల వయసులో షూటింగ్ మొదలుపెట్టి, పదమూడేళ్లకే పిస్టల్‌లో జాతీయ చాంపియన్ అయింది. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు పట్టుకొచ్చింది. వినికిడి లోపమున్న మన ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించాడు.

సిద్దిపేట నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. గచ్చిబౌలిలో షూటింగ్ రేంజ్ ఉంది. రోజూ వెళ్లడం కుదరదు గానీ, సెలవుల్లో కొన్నాళ్లు నేర్పించి పిల్లాడికి నిజంగా ఇష్టముందో లేదో చూడొచ్చు. స్కూల్లో ఎన్‌సీసీ ఉంటే ఇంకా మంచిది. క్యాంపుల్లో .22 రైఫిల్ పట్టుకునే అవకాశం ఖర్చు లేకుండా వస్తుంది.

కొనేముందు ఇవి చూడండి

* 4.5 మిల్లీమీటర్లు, 20 జౌల్స్ శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. అంతకు మించితే కావాలి. కొన్న బిల్లు, గుర్తింపు కాగితాలు దాచుకోండి.

* .22 వంటి అసలు తుపాకీకి లైసెన్సు తప్పనిసరి. 21 ఏళ్లు నిండనివారికి మామూలుగా రాదు. పన్నెండేళ్లు దాటిన పిల్లలు శిక్షణలో భాగంగా, నిబంధనల ప్రకారం పెద్దల పర్యవేక్షణలోనే వాడాలి.

* మొదట్లోనే కొనొద్దు. రేంజ్‌లో ఇచ్చే రైఫిల్‌తో ఆర్నెల్లు నేర్చుకోనివ్వండి. పోటీలకు వాడే విదేశీ రైఫిళ్ల ధర లక్షల్లో ఉంటుంది.

* ఎయిర్ రైఫిల్ బొమ్మ కాదు. కంట్లో తగిలితే చూపు పోతుంది. డాబా మీద, వీధిలో కాల్చనివ్వొద్దు. పిట్టల మీద అసలే వద్దు. అదీ నేరమే.

* తుపాకీలో గుండు లేదని తెలిసినా ఉన్నట్టే అనుకోవాలి. మూతి ఎప్పుడూ మనిషి వైపు తిప్పకూడదు. కాల్చే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకూడదు.

* గుళ్లు సీసంతో చేసినవి. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడగకుండా ఏమీ తిననివ్వొద్దు.

* తుపాకీ ఒకచోట, గుళ్లు మరోచోట, రెంటికీ తాళం. తాళంచెవి పెద్దవాళ్ల దగ్గర.

చివరికి తాతామనవళ్ల మధ్య ఒప్పందం కుదిరింది. దీపావళి తర్వాతి ఆదివారం ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కారు. రేంజ్‌లో మనవడు కాల్చిన మొదటి పది గుళ్లలో నాలుగు అసలు కాగితానికే తగల్లేదు. పదోది మాత్రం నల్లటి చుక్క అంచును తాకింది. ఆ కాగితాన్ని ఫొటో తీసి డాలస్‌కు పంపాడు.

'అన్నా, నా జింక గిదే!' అని కింద రాశాడు.

తాత ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక గోడకు అతికించాడు.