బడిసంచి కొనుటకు ముందు

వేసవి సెలవులు ముగిసి బడులు తెఱచు దినములు సమీపించునప్పటికి విత్తనములు, ఎరువులు, దుక్కికూలి మొదలగు ఖర్చులన్నియు రైతుపై ఒక్కసారిగా పడును. అదే సమయమున పిల్లల పుస్తకములు, దుస్తులు, సంచులు కొనవలసివచ్చుట ఏటేట కలుగు ఇబ్బందియే. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, మెడ తడివి చూచెడి రైతు, బిడ్డ వీపున ఏడాది పొడవున ఉండబోవు సంచిని మాత్రము రంగు చూచియో, దానిపై అచ్చొత్తిన బొమ్మ చూచియో కొని తెచ్చుచున్నాడు. ఈ విషయమున సభ్యులకు ఉపయోగపడగల కొన్ని సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాము.

అంగడికి పోవుటకు ముందే బిడ్డను తూచవలయును. సంఘపు గోదాములో ధాన్యము తూచు కాటా ఉండనే యున్నది. సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతునకు మించరాదని 2020 సంవత్సరమున కేంద్ర విద్యాశాఖవారు ప్రకటించిన బడిసంచి విధానము చెప్పుచున్నది. అనగా 20 కిలోలు తూగు బిడ్డ మోయదగినది 2 కిలోలు. ఆ విధానము ననుసరించి 1, 2 తరగతులవారికి 1.6 మొదలు 2.2 కిలోల వఱకును, 3 మొదలు 5 వఱకు గల తరగతులవారికి 1.7 మొదలు 2.5 కిలోల వఱకును, 6, 7 తరగతులవారికి 2 మొదలు 3 కిలోల వఱకును, 8వ తరగతివారికి 2.5 మొదలు 4 కిలోల వఱకును, 9, 10 తరగతులవారికి 2.5 మొదలు 4.5 కిలోల వఱకును తగును. ఒకటవ తరగతికి రాని పసివారికి సంచియే వద్దన్నారు. మోయు వీపునకు ఇది పుస్తకము, ఇది నీళ్లసీసా అను భేదము తెలియదు గనుక అన్నిటిని కలిపియే తూచవలయును. లీటరు నీరు కిలో బరువు. బడిలో మంచినీటి వసతి యున్నచో ఖాళీ సీసా పంపిన చాలును.

ఈ చర్చ క్రొత్తది కాదు. నవలాకారులైన ఆర్. కె. నారాయణ్ గారు 1989లో రాజ్యసభలో పిల్లల పుస్తకముల మోతను గూర్చియే ఉపన్యసించిరి. ప్రొఫెసరు యశ్‌పాల్ గారి సంఘము 1993లో చదువు బరువును గూర్చి నివేదిక యిచ్చెను. తెలంగాణ ప్రభుత్వము 2017లో తరగతివారీగా పరిమితులు విధించెను. ఉత్తరువులు వచ్చినవి, పెక్కుచోట్ల సంచులు మాత్రము బరువుగనే యున్నవి.

బరువు హెచ్చిన కలుగు చెఱుపేమియని అడుగువారు, పదునాఱు లీటర్ల స్ప్రేయరును నిండుగా నింపి వీపున వేసికొని ప్రత్తిచేనిలో నడచిన దినమును తలచుకొందురుగాక. పట్టీలు వదులైనచో డబ్బా పిఱుదులపైకి జాఱి వెనుకకు లాగును. మనిషి ముందునకు వంగి నడచును. పట్టీ సన్ననిదైనచో భుజమును కోయును, చేతులు తిమ్మిరులెక్కును. ఆ బాధ పెద్దలకు సాలున కొన్ని దినములు. బిడ్డకు ప్రతిదినము రెండుసార్లు. బరువు సంచివలన వెన్నెముక శాశ్వతముగా వంకరపోవునని కొందఱు చెప్పుచున్నారు. అది రుజువైన మాట కాదు. ఊరక భయపెట్టుట మాకు సమ్మతము కాదు. కాని వీపునొప్పి, మెడనొప్పి, భుజముల ఒఱపు, బస్సు మెట్లెక్కునపుడు బరువు వెనుకకు లాగి తూలిపడుట, ఇవి చాలవా?

గ్రామములలో మేము తఱచుగా చూచు పొరపాటు, పదవతరగతి వఱకు పనికివచ్చునని మూడవతరగతి బిడ్డకు పెద్ద సంచి కొనుట. ఇది పొదుపువలె కనబడును. కోడెదూడ మెడపై పెద్దయెద్దు కాడి ఎవ్వరును వేయరుగదా! పెద్ద సంచి బిడ్డ నడుము దిగి వ్రేలాడును. పైగా చోటున్నందున అవసరము లేనివన్నియు అందులో చేరును. సంచి బిడ్డ వీపుకంటె వెడల్పు కారాదు. దాని అడుగు నడుమునకు సరిగా నిలువవలయును. కావున బిడ్డను వెంటబెట్టుకొని పోయి, నాలుగు పుస్తకములు అందులో పెట్టి, వీపున వేసి, పదియడుగులు నడిపించి చూడవలయును. అంగడివాడు విసిగికొన్నను ఫరవాలేదు.

పట్టీలు రెండుండి, వెడల్పుగను మెత్తగను ఉండి, పొడవు సవరించుకొనుటకు వీలుగా నుండవలయును. ఒంటిపట్టీ సంచి కావడికి ఒకవైపుననే కుండ తగిలించినట్లుండును. చక్రముల సంచి మెట్లెక్కు పిల్లలకు దెబ్బలు తగిలించునని పై విధానమే దానిని వద్దన్నది. మన మట్టిదారులలో అది అసలే పనికిరాదు. పట్టీల కొసలు పొడవుగా వ్రేలాడినచో సైకిలు చక్రపు ఊచలలోనో, బస్సు తలుపులోనో చిక్కుకొనును. మిగిలిన కొసను మడిచి కుట్టివేయవలయును. ప్రొద్దుగూకిన తరువాత రోడ్డువెంట నడచివచ్చు పిల్లల సంచిపై వాహనపు దీపము పడగానే మెఱయు పట్టీ యొకటి కుట్టించుట అతిస్వల్ప వ్యయముతో ప్రాణరక్షణ చేయును.

సంచి మొదట చినుగునది బట్ట కాదు, పట్టీ మొదలు. అచ్చట గుణకారపు గుర్తువలె అడ్డముగా రెట్టింపు కుట్టు వేసియున్నదా యని చూడవలయును. తరువాత పోవునది జిప్పు. అయిదాఱుసార్లు లాగి చూడుడు. బట్ట చీటిపై 600 డెనియరు అని యుండిన, ఆ పోగు 9000 మీటర్ల పొడవు 600 గ్రాములు తూగునని అర్థము. నేతవారి నూలు నంబరు పెరిగినకొలది పోగు సన్నమగును. డెనియరు పెరిగినకొలది లావగును. బట్ట దళసరియైన సంచి గట్టిదే, కాని బరువుకూడ హెచ్చును గనుక ఖాళీసంచినే చేతబట్టి చూచుకొనవలయును. ఘాటైన వాసన కొట్టు మెత్తని ప్లాస్టికు సంచులను పసివారికి కొనకుండుట మేలు.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. కొందఱు ఖాళీ బస్తాలతో ఇంటనే సంచులు కుట్టించుచున్నారు. మందు పట్టించిన విత్తనముల సంచులు, పురుగుమందు పెట్టెలతో వచ్చిన సంచులు ఎట్టిపరిస్థితిలోను ఇందుకు వాడరాదు. విత్తనమునకు అంటించిన ఎఱ్ఱని, నీలపు రంగు మందు కలిసినదని తెలుపుటకే. ఆ పొడి నేత సందులలో నిలిచియుండును. ఎన్నిసార్లు ఉతికినను పూర్తిగా పోయెనని నమ్మరాదు. అదే సంచిలో బిడ్డ అన్నపుగిన్నె పెట్టుకొనును. బడిసంచిని మందులుంచు గదిలో చిలుకకొయ్యకు తగిలించుటయు తగదు.

వెల విషయమున మా అభిప్రాయము ఇది. ఏడాదికే చినుగు 300 రూపాయల సంచికంటె రెండేండ్లు వచ్చు 500 రూపాయల సంచి చౌక. ప్రభుత్వపు బడిలో సంచి ఇచ్చుచున్నచోట మఱియొకటి కొననక్కఱలేదు. ఆంధ్రప్రదేశమున 2020లో ఆరంభమైన విద్యాకానుకలో సంచి యుండెను, 2025లో వచ్చిన విద్యార్థి మిత్ర సామగ్రిలోను ఉన్నది. దాని పట్టీలు బిడ్డకు కుదురకున్నచో ఊరి దర్జీ స్వల్పఖర్చుతో సరిచేయును. కొనకతప్పనివారు ఇరువదిమంది కలిసి వైశాఖమాసముననే పట్టణపు టోకు వర్తకునితో గాని, కుట్టుపని తెలిసిన మహిళాసంఘముతో గాని బేరము కుదుర్చుకొనవచ్చును. అప్పుడు పిల్లల వీపు కొలతలు రెండు మూడు తరగతులుగా వ్రాసియిచ్చి, ముందుగా ఒక మచ్చుసంచి తెప్పించి, తడిపి, తూచి, పట్టీలు గట్టిగా లాగి చూచిన తరువాతనే మిగిలిన సొమ్ము చెల్లింపవలయును.