ఏడు శతాబ్దాల జెంగ్ రాజ్యం: అపోహలు – వాస్తవాలు

ప్రాచీన చైనా అనగానే మనకు చైనా గోడ, తొలి చక్రవర్తి సమాధి దగ్గరి మట్టి సైనికులు గుర్తొస్తారు. ఆ సైనికులకు రెండు శతాబ్దాల ముందే, ఇప్పటి హుబే ప్రావిన్సులోని సుయ్‌జౌ ప్రాంతాన్ని ఏలిన జెంగ్ అనే సామంత రాజ్యం తన సంగీత శాస్త్రాన్ని కంచు మీద చెక్కించి పెట్టింది. పెద్ద రాజ్యాల కథల కింద పడి దీని పేరు మరుగున పడింది. గత యాభై ఏళ్ల తవ్వకాలు దీని చుట్టూ అల్లుకున్న అపోహల్ని ఒక్కొక్కటిగా తొలగిస్తున్నాయి.

అపోహ: చైనాను మొదటి నుంచీ ఒకే చక్రవర్తి పాలించాడు.

వాస్తవం: చైనా మొత్తం ఒకే గొడుగు కిందకు వచ్చింది క్రీ.పూ. 221లో. అంతకు ఎనిమిది శతాబ్దాల ముందు షాంగ్ వంశాన్ని ఓడించిన జౌ రాజులు, గెలిచిన నేలను తమ బంధువులకూ, నమ్మిన సేనానులకూ పంచి ఇచ్చారు. జెంగ్ అలా పుట్టిందే. దాని పాలకులు జౌ రాజుల జీ వంశం వాళ్లు. జౌ రాజ్య స్థాపనలో తోడు నిలిచిన నాన్‌గొంగ్ తమ మూలపురుషుడని వాళ్లు గంటల మీద చెక్కించుకున్నారు.

అపోహ: దూరంగా విసిరేసినట్టున్న ఈ రాజ్యానికి పెద్ద ప్రాధాన్యం లేదు.

వాస్తవం: ఆ రోజుల్లో కంచు లేనిదే ఆయుధం లేదు, పితృదేవతల పూజ లేదు. కంచుకు కావలసిన రాగి యాంగ్సీ లోయ గనుల నుంచి ఉత్తరానికి చేరాలి. ఆ దారికి కాపలా కాసింది జెంగ్. 2011లో తవ్వకాలు మొదలైన యెజియాషాన్‌లో తొలినాటి జెంగ్ ప్రభువుల సమాధులు దొరికాయి. వాటిలో ఒకదాంట్లో రాగి దిమ్మెలు కూడా ఉన్నాయి.

అపోహ: జెంగ్, సుయ్ వేర్వేరు రాజ్యాలు.

వాస్తవం: పాత చరిత్ర గ్రంథాలు ఈ ప్రాంతంలో సుయ్ అనే రాజ్యం ఉందంటాయి. నేల తవ్వితే మాత్రం జెంగ్ పేరున్న వస్తువులే దొరుకుతూ వచ్చాయి. పండితులు దశాబ్దాల పాటు వాదించుకున్న ఈ చిక్కుముడి విప్పడంలో ఒక కోడలి పాత్ర పెద్దది. దక్షిణాది మహారాజ్యం చు తన ఆడపడుచు మీ జియాకు అరణంగా ఇచ్చిన మూడు కాళ్ల కంచు పాత్ర ఆమెను సుయ్ కోడలిగా చెబుతుంది. 2019 నాటి తవ్వకాల్లో వెలుగు చూసిన ఆమె సమాధిలోని గంటలు ఆమె జెంగ్ రాజ్యానికి వచ్చిందంటాయి. పుట్టింటివారు ఒక పేరుతో, అత్తింటివారు మరో పేరుతో పిలిచిన రాజ్యం ఒక్కటే.

అపోహ: చు బలం ముందు జెంగ్ తలవంచి బతికింది, అంతే.

వాస్తవం: తొలిరోజుల్లో జెంగ్ గట్టిగానే ఎదిరించింది. క్రీ.పూ. 690లో దాని మీదికి దండెత్తి వస్తూనే చు రాజు వు దారిలో చనిపోయాడు. ఆ తర్వాత సంధులు కుదిరాయి, రెండు ఇళ్లూ వియ్యమందాయి. క్రీ.పూ. 506లో కథ తిరగబడింది. తూర్పు నుంచి వచ్చిన వు అనే మరో రాజ్యపు సేనలు చు రాజధానిని పట్టుకున్నాయి. చు రాజు జావో పారిపోయి జెంగ్‌లో తలదాచుకున్నాడు. అతన్ని అప్పగించమని గెలిచిన సేనలు వచ్చి వాకిట్లో నిలబడ్డాయి. జెంగ్ ఒప్పుకోలేదు. తరతరాల ప్రమాణాన్ని కష్టకాలంలో తెంచుకుంటే ఇక మమ్మల్ని ఎవరు నమ్ముతారన్నది వాళ్ల జవాబు సారాంశం. ఇది బలహీనత కాదు, ప్రాణాలకు తెగించి నిలబెట్టుకున్న మాట. 73 ఏళ్ల తర్వాత జావో కొడుకు హుయ్ రాజు, జెంగ్ ప్రభువు యీ కోసం ఒక పెద్ద గంట పోత పోయించి పంపాడు.

అపోహ: ప్రాచీన చైనా సంగీతానికి తెలిసినవి ఐదు స్వరాలే.

వాస్తవం: మన మోహన రాగంలా ఐదు స్వరాల బాణీలు చైనాలో ఎక్కువన్న మాట నిజమే. కానీ వాళ్లకు అంతకు మించి తెలియదనుకోవడం తప్పు. 1978లో సుయ్‌జౌ దగ్గర ప్రభువు యీ సమాధిని తవ్వి, అందులో నిండిన నీటిని తోడుతుంటే, 2400 ఏళ్ల కిందట నిలిపిన చట్రానికి గంటలు ఇంకా వేలాడుతూ కనిపించాయి. చు రాజు పంపినదానితో కలిపి మొత్తం 65, మూడు వరుసల్లో. అతి పెద్ద గంట బరువు 200 కిలోలకు పైనే. చట్రాన్ని నెత్తిన మోస్తున్నవి కత్తులు కట్టుకున్న కంచు మనుషుల బొమ్మలు.

మన గుడి గంట గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఒకే నాదం చాలాసేపు మోగుతుంది. ఈ గంటలు బాదం గింజలా పక్కలకు నొక్కినట్టుంటాయి. నాదం త్వరగా ఆగిపోతుంది, అందుకే వీటితో పాట వాయించవచ్చు. అంచు మధ్యలో కొడితే ఒక స్వరం, కాస్త పక్కన కొడితే మరొకటి. రెండింటి మధ్య ఎడం షడ్జానికీ గాంధారానికీ ఉన్నంత. ఎక్కడ కొడితే ఏ స్వరమో అక్కడే చెక్కి ఉంది. మధ్య స్థాయిల్లో 12 స్వరస్థానాలూ పలుకుతాయి. చు, జౌ వంటి ఇతర రాజ్యాల్లో శ్రుతుల్ని ఏమని పిలుస్తారో కూడా వాటి మీదే రాశారు.

అపోహ: అదంతా కళా వైభవమే.

వాస్తవం: ఆ సమాధిలోనే 21 మంది యువతుల శవపేటికలు ఉన్నాయి. ప్రభువుకు పరలోకంలో తోడుగా వాళ్లను బలిచ్చారు. వాళ్ల పేర్లు ఏ కంచు మీదా లేవు. గంటల గొప్పతనం చెప్పేవారు ఈ మాట దాటవేయకూడదు.

అపోహ: ఒక మహాయుద్ధంలో జెంగ్ కూలిపోయింది.

వాస్తవం: అలాంటి యుద్ధం ఏదీ గ్రంథాలకు ఎక్కలేదు. పురావస్తువులు చూపేది నెమ్మదైన కలయికను. పాత్రల తీరు, అక్షరాల వంపు ఏటికేడు చు పద్ధతికి మారుతూ వచ్చాయి. క్రీ.పూ. నాలుగో శతాబ్దం తర్వాత జెంగ్ ప్రభువుల జాడ లేదు. దాన్ని కలిపేసుకున్న చు కూడా క్రీ.పూ. 223లో, చైనా మొత్తాన్ని ఏకం చేస్తున్న చిన్ రాజ్యపు సేనలకు లొంగిపోయింది. పెద్దదైనా చిన్నదైనా ప్రతి రాజ్యానికీ చివరి రోజు ఉంటుంది. కాబట్టి ఎవరి చేతిలో పోయిందన్న ఒక్క ప్రశ్నతో చిన్న రాజ్యాల చరిత్రను ముగించకూడదు. పక్కనే మహాబలుడు ఉండగా ఏడు శతాబ్దాలు ఎలా నిలిచింది, ఏం నిర్మించింది, ఎవరి ప్రాణాల్ని లెక్కచేయలేదు అన్నవి కూడా అడగాలి. జెంగ్ గురించి ఆ ప్రశ్నలన్నింటికీ జవాబులు వెతకడానికి తగినన్ని ఆధారాలు ఇప్పుడు మన ముందున్నాయి.