కొండ ఎక్కే పూటకి మడత సంచీ



యాత్రకి బయల్దేరేముందు పెట్టెలు సర్దడంలో మనకి ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. ఎవరి బట్టలు ఏ మూల వున్నాయో కళ్లు మూసుకుని చెప్పగలం. కాని ఆ పెట్టెల్ని బసలో దింపి, కొండ ఎక్కడానికో, గుడికి నడిచి వెళ్లడానికో బయల్దేరి, చీకటిపడేలోగా తిరిగి వచ్చే ఆ ఒక్క పూట సంగతి మాత్రం చివరి నిమిషం దాకా మనకి తట్టదు. అప్పుడేం చేస్తాం? చేతికందిన గుడ్డసంచీలో నీళ్ల సీసా, పులిహోర డబ్బా, పిల్లవాడి చొక్కా, అత్తగారి మాత్రలు అన్నీ కుక్కి మోచేతికి తగిలించుకుంటాం. ఆ మోచెయ్యి ఇంట్లో ఎవరిదై వుంటుందో నేను చెప్పాలా?

తిరుమల సంగతే తీసుకోండి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయి, నడక సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దారి అయితే 2,388 మెట్లు. పెద్ద సామాను కింద అప్పగిస్తే దేవస్థానం వారే ఉచితంగా పైకి చేరుస్తారు. బాగానే వుంది. కాని అది మళ్లీ మన చేతికి వచ్చేది పైకి వెళ్లాకే. మామగారి షుగరు మాత్రలు, కళ్లజోడు, దర్శనం టిక్కెట్లు, డబ్బు ఆ పెట్టెలో పెట్టి పంపించేస్తే, దారి మధ్యలో కావలసి వచ్చినప్పుడు ఏం చెయ్యగలం? అంచేత ఇవన్నీ మన వెంట వుండాలి. అవి వుండాలంటే సంచీ కావాలి. ఆ సంచీ చేతిలో కాదు, వీపుమీద వుండాలి.

ఎందుకంటారా? మోకాళ్ల మెట్టు దగ్గర ఒక చెయ్యి సంచీకి, ఒక చెయ్యి పిల్లవాడికి పోతే, కాలు జారినప్పుడు కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. పైగా బరువంతా ఒక పక్కనే వుంటే ఒళ్లు ఆ పక్కకి ఒరుగుతుంది. దిగేటప్పుడు అది మోకాలి మీద పడుతుంది. వీపుమీద రెండు భుజాలకీ సమంగా వుంటే ఆ బాధ వుండదు. ఇంకో లాభం, కోతులు. తిరుమల దారిలోనూ, అహోబిలంలోనూ చేతికి వేలాడే సంచీ, అందులో పైకి కనిపించే అరటిపళ్లు వాటికి పిలుపులాంటివి. జిప్పు వేసి వీపున పెట్టుకున్న సంచీ జోలికి అవి అంతగా రావు.

ఇలాంటి అవసరానికే బజారులో పల్చటి నైలాను మడత సంచీలు దొరుకుతున్నాయి. విప్పితే వీపు సంచీ, మడిస్తే దాని జేబులోనే అది ఇమిడిపోయి పిడికిలంత పొట్లం. పెట్టెలో ఒక మూల పడేస్తే చాలు. అయితే దుకాణంలో మనల్ని ఆకట్టుకునేది ఆ పొట్లమే. ఎంత చిన్నగా మడిస్తే అంత గొప్ప అనుకుంటాం. అసలు చూడవలసింది మడిచినప్పుడు కాదమ్మా, నింపినప్పుడు!

కొంచెం లెక్క వేద్దాం. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం కాబట్టి స్టీలు సీసా తీసుకెళ్లాలి. లీటరు నీళ్లు ఒక కిలో, సీసా ఒక మూడు నాలుగు వందల గ్రాములు. తినుబండారాలు అర కిలో. పల్చటి తువ్వాలు, పిల్లల బట్టలు, గొడుగు, మందులు, టార్చిలైటు కలిపి ఇంకో కిలోన్నర. మొత్తం మూడు మూడున్నర కిలోలు తేలుతుంది. ఇక సంచీ బరువు చూడండి. మరీ తేలికది 100 గ్రాములైతే, కాస్త గట్టిది 200 గ్రాములు. తేడా 100 గ్రాములు, అంటే అర గ్లాసు నీళ్లు! ఆ అర గ్లాసు నీళ్ల బరువు మిగుల్చుకోవడానికి, తాడులాంటి పట్టీలతో మూడు కిలోలు భుజం కోసేలా మోయడం లాభమా?

అంచేత మొదట చూడవలసింది భుజాల పట్టీలు. కనీసం మూడు వేళ్ల వెడల్పు వుండాలి. లోపల పల్చగానైనా స్పాంజి గాని, జాలీ గుడ్డ గాని వుండాలి. లాగితే మూతి ముడుచుకునే తాడు సంచీలు పిల్లల ఆటబట్టలకి సరే, కొండలకి పనికిరావు. గుండెకి అడ్డంగా వచ్చే చిన్న పట్టీ వుంటే మరీ మంచిది. చీరమీద నైలాను పట్టీలు జారిపోతూ వుంటాయి, ఈ అడ్డపట్టీ వాటిని పట్టి వుంచుతుంది. కొంగు ముందే చుట్టి నడుముకి దోపుకుని, ఆ తరవాత సంచీ తగిలించుకుంటే పట్టీల్లో చిక్కుకోదు.

రెండోది గుడ్డ. దీని మందం డెనియర్లలో చెబుతారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లన్నమాట. 30 డెనియర్ల గుడ్డ ఉల్లిపొరలా వుంటుంది, రాతికి ఒరుసుకుంటే చిరగవచ్చు. 70 డెనియర్ల దరిదాపుల్లోది మన అవసరానికి సరిపోతుంది. గుడ్డని వెలుతురులో పట్టుకు చూస్తే కొన్నింటిలో చిన్న చిన్న గళ్లు కనిపిస్తాయి. అది అలంకారం కాదు. కొద్ది దూరానికొకటి బలమైన దారం నేసినందువల్ల చిరుగు పడినా ఆ గడి దగ్గర ఆగే వీలుంటుంది.

మూడోది మనకి బాగా తెలిసిన విద్య, కుట్టు. సంచీని లోపలివైపు తిప్పి చూడండి. నైలాను అంచులకి పీచు లేస్తుంది కాబట్టి అంచులు పట్టీ వేసి కుట్టారా లేదా చూడాలి. భుజం పట్టీ సంచీకి కలిసే నాలుగు చోట్లా అడ్డంగా దట్టమైన కుట్టు వుండాలి. బరువంతా వేలాడేది అక్కడే.

ఇక ఎంత సంచీ కావాలి? ఇవి లీటర్లలో అమ్ముతారు. 15 నుంచి 18 లీటర్లు, అంటే సుమారు మన స్నానాలగది బకెట్టంత, తిరుమల నడకకి చాలు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దర్శనానికి రాళ్లమీద, వాగు పక్కన నడిచి వెళ్లేవారికీ అంతే. కేదారనాథ్ సంగతి వేరు. గౌరీకుండ్ దగ్గర మొదలయ్యే కాలిదారి సుమారు 16 కిలోమీటర్లు, గుడి వున్నది 3,500 మీటర్లకి పైన. అక్కడ ఎండ కాస్తూనే వానపడుతుంది, చలి కొరికేస్తుంది. స్వెట్టరు, వానకోటు, పొడి మేజోళ్లు పట్టాలంటే 20 లీటర్లు దాటాలి. పై గుడ్డ నీటిని ఆపినా కుట్ల రంధ్రాల్లోంచి వాన దిగుతుంది కాబట్టి, పొడిగా వుండవలసిన వాటిని లోపల ఇంకో నీళ్లు దిగని సంచీలో చుట్టి పెట్టండి.

సర్దడంలో ఒక కిటుకు వుంది. ఈ సంచీలకి వీపువైపు అట్ట వుండదు, సీసా గుచ్చుకుంటుంది. తువ్వాలుని బల్లపరుపుగా మడిచి వీపువైపు పెట్టండి. దాన్ని ఆనుకుని నీళ్ల సీసా, బరువైనవి. మందులు, టిక్కెట్లు పైన.

కొన్నాక ఇంట్లోనే ఓ పరీక్ష చెయ్యండి. మూడు కిలోల బియ్యం మూటకట్టి సంచీలో పెట్టి, డాబా మెట్లు పదిసార్లు ఎక్కి దిగండి. భుజం నొక్కితే, పట్టీ జారితే, కొండమీద కాకుండా ఇక్కడే తెలుస్తుంది. మార్చుకోవడానికీ వీలుంటుంది. తిరిగి వచ్చాక చన్నీళ్లలో కొద్దిపాటి సబ్బుతో చేత్తో వుతికి నీడలో ఆరవెయ్యండి, ఇస్త్రీ జోలికి పోవద్దు. తడిగా మడిచి బీరువాలో పెడితే లోపలి పూత జిగురై ఊడిపోతుంది. పూర్తిగా ఆరాక వదులుగా వేలాడదీసి వుంచండి, మడత ప్రయాణం రోజునే.

చివరిగా ఒక్క మాట. కుటుంబానికంతటికీ సరిపడే పెద్ద సంచీ ఒకటి కొన్నామంటే, అది చివరికి మన వీపుకే చేరుతుంది. దానికి బదులు చిన్నవి రెండు మూడు తీసుకోండి. ఎవరి నీళ్లు, ఎవరి బట్టలు వారి వీపున. పన్నెండేళ్ల పిల్లవాడు కిలో బరువు హాయిగా మోస్తాడు, ఆయనగారు ఇంకా హాయిగా మోస్తారు. దేవుడి కొండకి మొక్కుకున్నది ఇంటిల్లిపాదీ అయినప్పుడు, మోత మాత్రం ఒక్కరిదే ఎందుకవ్వాలి?