ఆయిల్ బర్నర్ సర్వీసింగ్ సరిగా జరిగిందని తెలుసుకోవడం ఎలా?

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా మెయిన్ వంటి చోట్ల, చాలా ఇళ్లను చలికాలంలో వెచ్చగా ఉంచేది ఆయిల్ బర్నర్. డీజిల్‌ను పోలిన నూనెను పంపు చదరపు అంగుళానికి 100 పౌండ్లు, అంతకు మించిన ఒత్తిడితో నాజిల్‌కు పంపుతుంది. నాజిల్ దాన్ని సన్నని తుంపరగా చిమ్ముతుంది. ఎలక్ట్రోడ్ల మధ్య పుట్టే నిప్పురవ్వ ఆ తుంపరను అంటిస్తుంది. దహనానికి కావలసిన గాలిని ఫ్యాన్ అందిస్తుంది.

దీనికి ఏటా సర్వీసింగ్ అవసరం. మెకానిక్ వచ్చి వెళ్లాడు, బర్నర్ వెలుగుతోంది. అంతమాత్రాన పని సరిగా జరిగిందని మీరు చెప్పగలరా? చెప్పలేరు. అరిగిన నాజిల్‌తోనూ మంట వెలుగుతుంది.

నాజిల్, ఫిల్టరు మార్చడం, మసి తుడవడం కంటికి కనిపించే పనులు. పాత నాజిల్ చూపించమని అడగడంలో తప్పులేదు. కానీ అసలు రుజువు ఆ తర్వాత జరిపే దహన పరీక్షలో ఉంటుంది. పొగగొట్టానికి చిన్న రంధ్రం చేసి, లోపలి వాయువులను తీసి కొలుస్తారు. అలాంటి రంధ్రం ఎక్కడా లేకపోతే పరీక్ష జరిగిందన్న మాటను అనుమానించాల్సిందే.

మొదట చూడవలసింది పొగ సంఖ్య. తెల్లని వడపోత కాగితం గుండా పొగగొట్టంలోని వాయువును లాగి, కాగితంపై పడిన మచ్చను 0 నుంచి 9 వరకు ఉన్న స్కేలుతో పోలుస్తారు. అది 0 లేదా దానికి చాలా దగ్గరగా ఉండాలి. గాలి చాలకపోతే మసి పుడుతుంది. కిరోసిన్ స్టవ్ మీద గిన్నె అడుగు నల్లబడటం చూసినవారికి ఇది తెలిసిందే.

అయితే ఈ ఒక్క అంకెనే నమ్మకండి. గాలి అవసరానికి మించి ఇచ్చినా పొగ కనిపించదు. కానీ ఆ అదనపు గాలి వేడిని మోసుకుని బయటికి పోతుంది. ఈ లోపాన్ని పట్టించేది కార్బన్ డయాక్సైడ్ శాతం. ఈ నూనె సరిగ్గా సరిపడే గాలితో పూర్తిగా మండితే అది సుమారు 15 ఉంటుంది. ఆధునిక బర్నర్లలో 11 నుంచి 13 వరకు ఉంటే సర్దుబాటు బాగున్నట్లే. 8 దగ్గర ఉంటే, పొగ సంఖ్య 0 అయినా, నూనె డబ్బులు పొగగొట్టం పాలవుతున్నాయి.

పొగగొట్టంలో ఉష్ణోగ్రత గత ఏడాది కంటే బాగా పెరిగిందా? లోపల మసి పేరుకుని వేడిని అడ్డుకుంటూ ఉండవచ్చు. రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాంతకం కాబట్టి దాని కొలత, పొగగొట్టం లాగుడు కొలత కూడా తప్పనిసరి. ఇంట్లో అలారం ఉందని వీటిని వదిలేయకూడదు.

ఈ అంకెలను బర్నర్ దగ్గర వేలాడే కార్డుపై రాస్తారు, లేదా పరికరం నుంచి ముద్రించి ఇస్తారు. కార్డుపై తేదీ, సంతకం మాత్రమే ఉంటే డబ్బు చెల్లించేముందే పరీక్ష చేయమని అడగండి.