దారి తోడు ముసలిదైనప్పుడు

భారతకథ చివర పాండవులు రాజ్యము విడిచి హిమాలయములకు పోవునప్పుడు వారి వెంట ఒక కుక్క కూడ బయలుదేరును. దారిలో ద్రౌపదియు, నలుగురు తమ్ములును ఒకరి తరువాత ఒకరు పడిపోగా ధర్మరాజు వెంట మిగిలినది ఆ కుక్క యొక్కటే. దానిని వదలి రథమెక్కుమని ఇంద్రుడు చెప్పినను ధర్మరాజు ఒప్పుకొనలేదు. ఆ కుక్క మారురూపములోనున్న ధర్మదేవత. కాబట్టి దానికి అలసట లేదు, ముసలితనము లేదు. మామూలు కుక్క సంగతి వేరు. మనిషి నడివయస్సు దాటక ముందే అది కూనగా వచ్చి, పరుగులు తీసి, ముసలిదై పోవును. గొర్రెల మంద వెంట ఏడాది పొడుగునా తిరుగు కాపరి కుక్కకైనను, సెలవులలో యజమానితో కొండలెక్కు పెంపుడు కుక్కకైనను ఇది తప్పదు.

కొండలెక్కిన కుక్కలలో చరిత్రకెక్కినది ఛింగెల్ అను ఆడకుక్క. 1865లో స్విట్జర్లాండులో క్రిస్టియన్ ఆల్మర్ అను పేరుగాంచిన కొండదారి చూపరి దీనిని కూనగా కొని, ఛింగెల్ అను మంచు కనుమ మీదుగా ఇంటికి నడిపించుకొని వచ్చెను. అందుచేతనే దానికి ఆ పేరు. 1868లో ఐగర్ శిఖరము నెక్కబోయి విఫలుడై దిగులుపడుచున్న కూలిజ్ అను అమెరికా కుర్రవానికి ఊరటగా ఆల్మర్ ఈ కుక్కను బహూకరించెను. అప్పటికి ఆ కుర్రవానికి పదునెనిమిదేండ్లు నిండలేదు. అతడును, అతని తల్లి తోడబుట్టిన మెటా బ్రెవూర్ట్ అను ఆమెయు ఆల్ప్స్ పర్వతములలో ఎక్కిన అనేక శిఖరములు ఛింగెల్ కూడ ఎక్కినది. 1875లో 4800 మీటర్లకు మించిన మోన్‌బ్లాన్ శిఖరమును చేరినది. మంచుగడ్డల అంచులు పాదములను కోయుచున్నవని తోలు బూట్లు కుట్టించిరి గాని, అది వాటిని సహింపలేదు. లండనులోని ఆల్పైన్ క్లబ్బు ఆ కుక్కను గౌరవ సభ్యురాలిగా ఎంచినదని వేడుకగా చెప్పుకొందురు. ఆ రోజులలో ఆ క్లబ్బు స్త్రీలను చేర్చుకొనెడిది కాదు. కుక్కకు దక్కిన మర్యాద బ్రెవూర్టుకు దక్కలేదన్నమాట! మోన్‌బ్లాన్ నాటికి ఛింగెల్ వయస్సు పదేండ్లు. కుక్కలలో అది చిన్న వయస్సు కాదు.

కుక్క వయస్సును ఏడుతో హెచ్చించిన మనిషి వయస్సుకు సరిపోవునని చాలామంది అనుకొందురు. ఈ లెక్క సరియైనది కాదు. ఒక యేడు నిండిన కుక్క పిల్లలను కనగలదు. ఏడేండ్ల బాలిక కనలేదు గదా! జీవకణములలోని డి.ఎన్.ఏ. మీద మెథిల్ అను చిన్న రసాయన గుర్తులు అక్కడక్కడ అతుకుకొని యుండును. వయస్సుతోబాటు ఈ గుర్తుల అమరిక మారుచుండును. 2020లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నూరుకు పైగా లాబ్రడార్ జాతి కుక్కలలో ఈ మార్పులను కొలిచి, మనుష్యులలోని మార్పులతో పోల్చిరి. వారి లెక్క ప్రకారము రెండేండ్ల కుక్క నలుబది రెండేండ్ల మనిషితో సమానము. ఏడేండ్లది అరువది రెండేండ్ల వానితోను, పండ్రెండేండ్లది డెబ్బది యొకటేండ్ల వానితోను సమానము. అనగా కుక్క శరీరము మొదట మిక్కిలి వేగముగా వయస్సు దాటి, పిమ్మట నెమ్మదించును. ఇది లాబ్రడార్లను కొలిచి కట్టిన లెక్క గనుక అన్ని జాతులకు ఇట్లే వర్తించునని తలపరాదు.

జాతి భేదములో ఇంకొక వింత కలదు. మొత్తము మీద పెద్ద జంతువులు చిన్న జంతువుల కంటె ఎక్కువ కాలము బ్రతుకును. ఏనుగును, ఎలుకను చూచిన చాలును. కుక్కలలో ఇది తలక్రిందులు. చిన్న జాతి కుక్కలు పదునాలుగు, పదునైదేండ్లు బ్రతుకగా, గ్రేట్ డేన్ వంటి భారీ కుక్క ఎనిమిది, తొమ్మిదేండ్లకే ముసలిదై పోవును. 74 జాతుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిన ఒక లెక్క ప్రకారము, జాతి బరువు ప్రతి రెండు కిలోగ్రాములు పెరిగిన కొలది ఆయుర్దాయము సుమారు ఒక నెల తగ్గుచున్నది. పెద్ద కుక్కలలో ముసలితనము తొందరగా మొదలగుట కంటె, మొదలైన పిమ్మట వేగముగా సాగుటయే దీనికి ముఖ్య కారణమని ఆ పరిశోధకులు తేల్చిరి.

ఇక నడక సంగతి. నిలుచున్న కుక్క బరువులో నూటికి అరువది పాళ్ళు ముందు కాళ్ళ మీద పడును. తక్కినది వెనుక కాళ్ళది. కొండ ఎక్కునప్పుడు పైకి త్రోయు పని వెనుక కాళ్ళు చేయును. దిగునప్పుడు దూకుడును ఆపు పని ముందు కాళ్ళది. ఎముకల కొనలను కప్పి యుండు మృదులాస్థి నునుపుగా, మెత్తగా ఉండి కీలుకు దిండువలె పనిచేయును. దీనికి రక్తనాళములు లేవు; అందుచేత ఒకసారి అరిగిన భాగము తిరిగి సరిగా పూడదు. ఏండ్లు గడచిన కొలది అది గరుకై, పలుచనై, ఎముక అంచులు ముళ్ళవలె పెరుగును. కీలు వాచి, నొప్పి పుట్టును. నొప్పియున్న కాలిని కుక్క తక్కువగా వాడును. వాడని కాలి కండ చిక్కును. కండ చిక్కిన కీలుకు ఆధారము తగ్గి మరింత అరుగును. తుంటి నొప్పి గల ముసలి కుక్కను పైనుండి చూచిన, భుజములు దిట్టముగా, తొడలు సన్నగా కనబడుటకు కారణమిదే. బరువంతయు ముందుకు నెట్టబడినది.

చూడనేర్చిన వానికి నడకలోనే సగము సంగతి తెలియును. ముందు కాలు నొచ్చుచున్న కుక్క ఆ కాలు నేలనానినప్పుడు తల పైకెత్తి, మంచి కాలు ఆనినప్పుడు దించును. వెనుక పాదములను ఈడ్చు కుక్క గోళ్ళు పై వైపున అరిగి యుండును. ఇంతకు మునుపు మలుపు దాటి, వెనుదిరిగి వచ్చి పిలిచెడి కుక్క ఇప్పుడు యజమాని మడమల వెనుకనే నడచును. ఒక రాతిమెట్టు ముందు నిలిచి, రెండు కాళ్ళు పైన పెట్టి, తక్కిన రెంటిని గురించి ఆలోచించుచున్నట్లుండును. వైద్యుని గదిలో పది నిమిషములు చూచిన వానికి దొరకని సాక్ష్యము, పదేండ్లు కలిసి నడచిన వానికి దొరకును.

అయితే ఈ సాక్ష్యములో ఒక మోసమున్నది. కుక్క వచ్చుటకు సిద్ధముగానున్నది గనుక నడువగలదని యజమాని భావించును. కొక్కెమునకు తగిలించిన మెడపట్టీ చప్పుడు వినగానే ముసలి కుక్క కూడ లేచి గుమ్మము వద్ద నిలుచును. ఉత్సాహము కలిగినప్పుడు శరీరములో ఊరు అడ్రినలిన్, ఎండార్ఫిన్ వంటి పదార్థములు నొప్పిని తాత్కాలికముగా మరుగుపరచును. పైగా కుక్క తోడును విడుచుటకు ఇష్టపడని జంతువు. మూలుగక, కుంటుట దాచుకొని, వెంట వచ్చును. నిజము మరునాడు తెల్లవారి బయటపడును. పడుకొన్న చోటినుండి ఎన్ని ప్రయత్నములలో లేచినది, మొదటి పదడుగులు ఎట్లు వేసినది, రాత్రి ఎన్నిసార్లు చోటు మార్చినది అను వాటిని చూచి నిన్నటి నడక ఎక్కువైనదో లేదో నిర్ణయింపవలెను. గుమ్మము వద్ద ఆడిన తోక దీనికి ప్రమాణము కాదు.

ఏడెనిమిదేండ్లు దాటిన కుక్క కన్నులలో నీలిపొగ వంటి ఛాయ కనబడును. ఇది తరచు శుక్లము కాదు. కంటి కటకములోని తంతువులు మధ్యకు ఒత్తుకొని గట్టిపడుట. చూపు పూర్తిగా పోదు గాని, మసక వెలుతురులో మెట్టు లోతు తెలియక తడబడును. చెవుడు వచ్చుటయు సాధారణమే. చేతి సైగలను చెవులు బాగున్నప్పుడే నేర్పిన వారు ఇక్కడ లాభపడుదురు. మన ప్రాంతములో ఇంతకంటె ప్రమాదకరమైనది గొంతు. కుక్కకు పాదముల అడుగున తప్ప చెమట దాదాపు లేదు. రొప్పుట ద్వారానే అది ఒడలి వేడిని వెడలగొట్టును. ముసలి లాబ్రడార్ వంటి పెద్ద కుక్కలలో శ్వాసనాళము ముఖద్వారమును తెరచు కండరములు చచ్చుబడి, రొప్పునప్పుడు రంపము కోసినట్టి గరగర వినబడును. అట్టి కుక్కను ఏప్రిల్, మే నెలలలో పొద్దెక్కిన తరువాత గుట్ట ఎక్కించుట ప్రాణముతో చెలగాటమే. కొన్ని ముసలి కుక్కల మెదడులో, మతిమరుపు జబ్బు గల మనుష్యుల మెదడులోవలె, అమిలాయిడ్ అను మాంసకృత్తు పేరుకొనును. అవి రాత్రి తిరుగాడి పగలు నిద్రించును; తెలిసిన గదిలోనే మూలకు పోయి నిలిచిపోవును.

చేయదగినది లేకపోలేదు. నలుబది యెనిమిది లాబ్రడార్లను కూనలుగా ఉన్నప్పటినుండి జంటలుగా పెంచి, ప్రతి జంటలో ఒకదానికి నాలుగవ వంతు తక్కువ తిండి పెట్టిన ప్రయోగ ఫలితము 2002లో వెలువడినది. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేండ్లు ఎక్కువ బ్రతికినవి; కీళ్ళ జబ్బుకు మందు అవసరమైనది కూడ ఆలస్యముగానే. ప్రేమతో పెట్టు అదనపు ముద్ద కీళ్ళ మీద బరువై కూర్చుండును. వారమునకొక పెద్ద కొండకు బదులు రోజుకు రెండు చిన్న నడకలు మేలు. నొప్పికి పశువైద్యుడు వ్రాసిన మందు వాడవలెను. ఇంటిలో మనుష్యులకని ఉంచుకొన్న పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ బిళ్ళలను తోచినట్లు వేయుట కుక్కలకు విషప్రాయము కాగలదు. దయతో చేసిన ఈ పొరపాటు వలన కాలేయమో, మూత్రపిండములో చెడి కుక్క చనిపోవచ్చును.

ఛింగెల్ 1879లో ఇంగ్లండులోని డార్కింగ్ అను ఊరిలో, వంటయింటి నిప్పు ముందు నిద్రలోనే ప్రాణము విడిచినది. బ్రెవూర్ట్ అంతకు మూడేండ్ల క్రిందటనే, 1876లో, మరణించినది. నిద్రలో పోవు భాగ్యము అన్ని కుక్కలకు దక్కదు. మూత్రపిండములు చెడి, తిండి మాని, లేవలేక, తన మలములోనే పడియుండు స్థితికి వచ్చినవి ఎన్నో యుండును. అప్పుడు వైద్యుని చేత నొప్పిలేని మరణము ఇప్పించుటయా, లేక చూచుచు ఊరకుండుటయా అను ప్రశ్న వచ్చును. చంపుట పాపమని మన ఇండ్లలో పలువురు వెనుదీయుదురు. ఆ సంకోచము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని బాధపడు జంతువును బ్రతికించి ఉంచుటయే క్రూరత్వము కావచ్చునని జంతుహింస నివారణకై మన దేశములో 1960లో చేసిన చట్టమే అంగీకరించినది.

ఎప్పుడు అనునది కష్టమైన భాగము. ఆలిస్ విల్లలోబోస్ అను అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలబద్దను ప్రకటించినది. నొప్పి లేకుండుట, ఆకలి, నీరు త్రాగుట, శుభ్రత, ఉల్లాసము, కదలిక, చెడు రోజుల కంటె మంచి రోజులు ఎక్కువగా ఉండుట అను ఏడింటికి ఒక్కొక్కదానికి పదికి ఇన్ని మార్కులని వేయవలెను. మొత్తము 35కు మించినచో సంరక్షణ కొనసాగింపవచ్చును. అంకెలు నిర్ణయము చేయవు గాని, ప్రతి వారము వ్రాసిపెట్టుకొనిన, నెమ్మదిగా జారుచున్న సంగతి కంటికి కనబడును. రోజూ చూచువాడు మార్పును గుర్తింపలేడు. క్యాలెండరులో మంచి రోజుకు ఒక గుర్తు, చెడు రోజుకు ఒక గుర్తు పెట్టినను చాలును.

జరుగునది ఇది. వైద్యుడు ముందుగా మత్తుసూది వేయును; కొన్ని నిమిషములలో కుక్క నిద్రపోవును. పిమ్మట ముందు కాలి సిరలోనికి పెంటోబార్బిటాల్ అను మందును ఎక్కువ మోతాదులో ఎక్కించును. శస్త్రచికిత్సలలో మత్తుకు వాడుచుండిన మందుల జాతిలోనిదే ఇది. మొదట మెదడు పైభాగము పని మానును. అనగా ఎరుక పోవును. తరువాత శ్వాస, ఆ తరువాత గుండె ఆగును. ఎరుక పోవుట ముందే జరుగును గనుక తక్కినది కుక్కకు తెలియదు. కన్నులు మూతపడవు, గుండె ఆగిన పిమ్మట ఒకటి రెండు దీర్ఘశ్వాసల వంటి కదలికలు రావచ్చును. అవి కండరముల చేష్టలే. తెలియనివారు తిరిగి బ్రతికినదని హడలిపోవుదురు. వీలైనచో యజమాని దగ్గర ఉండుట మంచిది. తెలియని చోట, తెలియని చేతులలో కుక్క బెదరును. తెలిసిన వాసన దగ్గర నిమ్మళించును. చూపును, వినికిడియు తగ్గిన ముసలి కుక్కకు లోకముతో మిగిలిన ముఖ్యమైన సంబంధము ముక్కు ద్వారానే.

కుక్క పోయినప్పుడు పెద్దవారు కూడ వెక్కి యేడ్చుట చూచి ఇరుగుపొరుగు నవ్వుదురు. 2015లో జపానులోని అజాబు విశ్వవిద్యాలయమువారు కుక్కయు, యజమానియు ఒకరి కన్నులలోనికొకరు చూచుకొనిన తరువాత వారి మూత్రమును పరీక్షించిరి. ఎక్కువ సేపు చూచుకొనిన జంటలలో ఇరువురికిని ఆక్సిటోసిన్ అను హార్మోను పెరిగినది. తల్లిని బిడ్డతో ముడివేయు హార్మోను ఇదే. చేతులలో పెంచిన తోడేళ్ళలో ఇట్టి పెరుగుదల కనబడలేదు. ఏడ్చువాడు వెర్రివాడు కాడు.

చివరగా కళేబరము సంగతి. ఎక్కిన కొండ మీదనే దానిని విడిచిపెట్టవలెనని కొందరు తలంతురు. సూదిమందుతో చనిపోయిన కుక్క మాంసములో పెంటోబార్బిటాల్ చాలకాలము నిలిచియుండును. దానిని తిన్న గద్దలు, రాబందులు, నక్కలు, ఊరకుక్కలు మత్తెక్కి చచ్చును. కాబట్టి బావికి, వాగుకు దూరముగా, సొంత నేలలోనో, స్థానిక సంస్థలు చూపిన చోటనో, నక్కలు త్రవ్వలేనంత లోతు గుంట తీసి పాతిపెట్టి, మట్టి కప్పిన పిమ్మట పైన బరువైన రాళ్ళు పేర్చవలెను. ఆ రాళ్ళు కొండ మీదనుండి తెచ్చినవైనను బాధ లేదు.