చిప్పుకు చెమట పట్టదు

మే నెల మధ్యాహ్నం మీ ప్రయోగశాలలోని థర్మామీటరును ఫ్యాను కింద పెట్టి చూడండి. పావుగంట గడిచినా పాదరసం ఒక్క గీత దిగదు. గదిలో 38 డిగ్రీలుంటే, ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా 38 డిగ్రీలే. మరి మనకు చల్లగా ఎందుకు ఉంటుంది? మన ఒంటి మీద చెమట ఉంది కనుక. ఫ్యాను గాలికి చెమట త్వరగా ఆవిరవుతుంది. ఆవిరి కావటానికి కావలసిన ఉష్ణాన్ని అది మన చర్మం నుంచే తీసుకుపోతుంది. ఇప్పుడు థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి మళ్ళీ అదే ఫ్యాను కింద పెట్టండి. ఈసారి పాదరసం దిగటం మీరే చూస్తారు.

ఈ చిన్న ప్రయోగం గుర్తుంటే, లక్ష రూపాయలు దాటిన గ్రాఫిక్సు కార్డు మన చోడవరం వేసవిలో ఎందుకు చతికిలబడుతుందో తేలికగా అర్థమవుతుంది. ఆ కార్డుకు రెండో మూడో ఫ్యానులు ఉంటాయి. కాని దానికి చెమట పట్టదు. కాబట్టి ఎంత గాలి విసిరినా దాని వేడి గది వేడికన్నా కిందికి దిగదు.

అసలు దానికి అంత వేడి ఎక్కడిది? కంప్యూటరు తెర మీద బొమ్మ అంటే రంగు చుక్కల వరసలే. సాధారణమైన తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20 లక్షల 73 వేల 600 చుక్కలు. కదిలే బొమ్మ కావాలంటే వీటన్నిటి రంగులనూ సెకనుకు 60 సార్లు నిర్ణయించాలి. అంటే సెకనుకు 12 కోట్లకు పైగా నిర్ణయాలు. ఒక్కొక్క దాని వెనక ఎన్నో కూడికలు, హెచ్చవేతలు ఉంటాయి. ఆ పని చేసేదే గ్రాఫిక్సు కార్డు. 2022లో వచ్చిన ఎన్విడియా వారి ఆర్‌టీఎక్స్ 4090 అనే కార్డునే తీసుకోండి. దాని చిప్పులో 7,630 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. పూర్తి పనిలో ఉన్నప్పుడు కార్డు 450 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. ఈ విద్యుత్తుతో అది బరువు ఎత్తదు, దీపం వెలిగించదు. లెక్కలు పూర్తయ్యేసరికి దాదాపు 450 వాట్లూ ఉష్ణంగానే తేలతాయి. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 5090 అయితే 575 వాట్లు.

450 వాట్లేనా, మా ఇంట్లో ఇస్త్రీపెట్టె 1000 వాట్లు కదా అంటారేమో. నిజమే. కాని ఇస్త్రీపెట్టె అడుగు వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో చదరపు సెంటీమీటరు మీద పడేది 5 వాట్లు. 4090 చిప్పు వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్లే, అంటే ఒక తపాలా బిళ్ళంత. 450 వాట్లలో మెమరీ వంటి భాగాల వాటా తీసేసినా, ఇస్త్రీపెట్టెకు పది రెట్ల ఉష్ణం ఆ చిన్న చోట పుడుతున్నదన్నమాట. దాన్ని అక్కడే ఉండనిస్తే కొద్ది సెకన్లలోనే చిప్పు తనను తాను ఆపుకోవలసి వస్తుంది.

ఉష్ణాన్ని ఎవరూ చంపలేరు. ఒక చోటి నుంచి మరొక చోటికి పంపగలరు, అంతే. బావి దగ్గర వరసగా నిలబడి బిందెలు అందించుకున్నట్టు, కార్డులో ఉష్ణం చేతులు మారుతుంది. వరసలో ఒక్కడు నెమ్మదిగా ఉన్నా బిందెలన్నీ వాడి ముందే పేరుకుంటాయి. ఇక్కడా అంతే.

మొదటి చేయి చిప్పు మీద అదిమిపెట్టిన రాగి పలక. రాగి మంచి ఉష్ణవాహకం, గాలి మరీ అధమం. రాగిలో ఉష్ణం గాలిలోకన్నా సుమారు 15 వేల రెట్లు తేలికగా ప్రవహిస్తుంది. చిప్పు, పలక రెండూ అద్దంలా నున్నగా కనిపించినా సూక్ష్మదర్శినిలో చూస్తే గుంటలే. ఆ గుంటల్లో గాలి చిక్కుకుంటే అది దుప్పటి కప్పినట్టే. అందుకని గోడ గుంటలకు లప్పం పెట్టినట్టు మధ్యలో ఒక ముద్ద పూస్తారు. దాన్ని థర్మల్ పేస్టు అంటారు. రాగితో పోలిస్తే ఈ పేస్టు కూడా నాసి వాహకమే. గుంటలు పూడే మాత్రం ఉండాలి. దట్టించి పూస్తే అదే అడ్డు గోడ అవుతుంది.

ఆ తరువాతి చేయి నాకు చాలా ఇష్టమైనది. దాన్ని చెప్పటానికి ముందు మీకు బెల్లం వంట గుర్తు చేయాలి. పెనంలో చెరకురసం మరుగుతుంటే, నీరు ఎక్కువగా ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలకు కాస్త పైన నిలిచి ఉంటుంది. పొయ్యి ఎంత మండినా ఆ ఉష్ణాన్ని ఆవిరి మోసుకుపోతుంది. పాకం చిక్కబడేకొద్దీ వేడి పెరిగి 118 డిగ్రీల దాకా చేరుతుంది. బెల్లానికి ఎరుపు వచ్చేది అక్కడే. చక్కెరకు ఆ రంగు పనికిరాదు. అందుకని చక్కెర కర్మాగారాల్లో మూసిన పాత్రలోంచి గాలి తోడేసి, పీడనం తగ్గించి, పాకాన్ని 60, 70 డిగ్రీల దగ్గరే మరిగిస్తారు. ఈ పాత్రను వాక్యూమ్ పాన్ అంటారు. గోవాడ కర్మాగారం పేరు విననివారు మన ప్రాంతంలో ఉండరు. అటువంటి కర్మాగారాలన్నిటికీ గుండెకాయ ఇదే. ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోవర్డ్ దీన్ని రూపొందించి 1813 నాటికే పేటెంటు పొందాడు.

ఇప్పుడు ఆ వాక్యూమ్ పాన్‌ను చిటికెనవేలి కన్నా సన్నగా, జానెడు పొడవున ఊహించుకోండి. అదే హీట్ పైపు. రెండు చివరలా మూసిన రాగి గొట్టం. లోపల గాలి తోడేసి కాసిని నీళ్ళు పోస్తారు. పీడనం వాతావరణ పీడనంలో అయిదో వంతుకు తగ్గితే నీరు 60 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చిప్పు వైపు కొసన నీరు ఆవిరై, గుప్తోష్ణాన్ని మోసుకుంటూ చల్లని కొసకు పరుగెత్తి, అక్కడ దాన్ని వదిలి మళ్ళీ నీరవుతుంది. తిరిగి రావటానికి దారి? గొట్టం లోపలి గోడకు రాగి పొడిని అంటించి ఉంచుతారు. ప్రమిద వత్తిలోకి నూనె పాకినట్టు ఆ పొడి సందుల గుండా నీరు వెనక్కి పాకుతుంది. మోటారు లేదు, చప్పుడు లేదు. 1963లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దీన్ని చేసి చూపించాడు. తరువాత ఉపగ్రహాలలో వాడారు, ఆ తరువాతే కంప్యూటర్లకు వచ్చింది.

ఎంత నీరు కావాలో లెక్క చూడండి. ఒక గ్రాము నీరు ఆవిరి కావటానికి దాదాపు 2,300 జౌళ్ళు కావాలి. 450 వాట్లంటే సెకనుకు 450 జౌళ్ళు. కాబట్టి సెకనుకు గ్రాములో అయిదో వంతు, అంటే నాలుగైదు చుక్కల నీరు ఆవిరైతే చాలు! మట్టికుండ చెమర్చి నీటిని చల్లబరిచేదీ ఇదే సూత్రం మీద. తేడా ఒక్కటే: కుండ ఆవిరిని గాలిలోకి వదిలేస్తుంది, అందుకే గదికన్నా చల్లగా ఉండగలదు. హీట్ పైపు ఆవిరి పైపులోనే ఉండిపోతుంది. అది ఉష్ణాన్ని జానెడు దూరం తెచ్చి పెడుతుంది, అంతే.

తెచ్చి పెట్టేది ఎక్కడ? పలచని అల్యూమినియం రేకుల మధ్య. ఆ రేకుల సందుల్లోంచి ఫ్యానులు గాలిని తోస్తాయి. 450 వాట్ల ఉష్ణాన్ని గాలి తీసుకుపోయి, తాను 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే సెకనుకు సుమారు 39 లీటర్ల గాలి కావాలి. కంప్యూటరు పెట్టె లోపలి చోటు 50 లీటర్లనుకోండి. పెట్టెలోని గాలంతా సెకనున్నర లోపల మారిపోవాలి!

చాలామంది దెబ్బతినేది ఇక్కడే. కార్డు, పేస్టు, పైపు అన్నీ మేలైనవి కొంటారు. పెట్టెకు ముందువైపు గాజు పలక, వెనక గోడ. అప్పుడు కార్డు ఫ్యానులు వదిలిన వేడిగాలినే మళ్ళీ పీలుస్తాయి. ఒక ఉదాహరణ చూద్దాం. కార్డు చిప్పు తనను చేరే గాలికన్నా 42 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుందనుకోండి. పెట్టెలో గాలి గదికన్నా 10 డిగ్రీలు ఎక్కువ. జనవరిలో గది 26 డిగ్రీలైతే చిప్పు 78. మే నెలలో గది 38 అయితే చిప్పు 90. 4090కి తయారీదారులు పెట్టిన హద్దు సరిగ్గా 90. అక్కడికి చేరితే కార్డు కాలిపోదు. తన వేగం తానే తగ్గించుకుంటుంది. పెళ్ళి వీడియోలు కూర్చే స్టూడియోలకు చేతినిండా పని ఉండే వైశాఖంలోనే వాళ్ళ కంప్యూటరు నెమ్మదించటంలో వింత లేదన్నమాట.

కొందరు పెట్టె పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెడతారు. నవ్వకండి, పద్ధతి తప్పు కాదు. నెమ్మదిగా ఉన్న ఆఖరి చేతికి సాయం చేస్తున్నారు. కాని దుమ్ము కూడా దూరుతుంది. మన తేమ గాలిలో ఆ దుమ్ము రేకుల సందుల్లో గొంగళిలా అల్లుకుంటుంది. దానికన్నా ముందువైపు గాలి లోపలికి తోసే ఫ్యానులు, వెనకా పైనా బయటికి లాగే ఫ్యానులు బిగించి, లోపలికి వచ్చే దారిలో సన్నటి జాలీ పెట్టి, గోడకు జానెడు ఎడంగా ఉంచటం మేలు. దుమ్ము దులిపేటప్పుడు మాత్రం కరెంటు ప్లగ్గు తీసేసి, ఫ్యాను రెక్కను వేలితో కదలకుండా పట్టుకుని మెత్తని కుంచెతో దులపాలి. పెట్టెలో మంచు ముక్కలు పెడితేనో అని మా తరగతిలో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. మంచినీళ్ళ గ్లాసులో ఐసు వేస్తే బయట నీటి చుక్కలు పడతాయి కదా! అవే చుక్కలు విద్యుత్ పలకల మీద పడతాయి.

ఇవన్నీ పుట్టిన ఉష్ణాన్ని పంపే ఉపాయాలు. పుట్టకుండానే చేయవచ్చు. చిప్పులో ఖర్చయ్యే విద్యుత్తు దాని వేగానికీ, వోల్టేజి వర్గానికీ అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం, వోల్టేజి రెండూ పదో వంతు తగ్గిస్తే 0.9 × 0.9 × 0.9 = 0.73. వేగంలో పోయింది పది శాతమే, ఉష్ణంలో మిగిలింది 27 శాతం! పై ఉదాహరణలో 42 కాస్తా 31, పెట్టెలోని 10 కాస్తా 7 అవుతాయి. మే నెలలోనూ చిప్పు 76 దగ్గర ఆగుతుంది. కార్డులో వేరే భాగాల ఖర్చూ ఉంటుంది కనుక అసలు తగ్గుదల కొంచెం తక్కువ ఉండవచ్చు. అయినా ఈ పని కార్డుతో వచ్చే ప్రోగ్రాములోనే, పైసా ఖర్చు లేకుండా అవుతుంది. కొత్త ఫ్యానులు కొనే ముందు నేనైతే ఇదే చేయమంటాను.

గాలి బదులు నీరు వాడితే? అదే 450 వాట్లకు, అదే 10 డిగ్రీలకు సెకనుకు 11 గ్రాముల నీరు చాలు. 39 లీటర్ల గాలి చేసే పని రెండు చెంచాల నీరు చేస్తుంది. అందుకే ఇటువంటి చిప్పులు వేలకొద్దీ పనిచేసే డేటా కేంద్రాల్లో నీటి గొట్టాలు చిప్పుల దాకా వస్తున్నాయి. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఒక గిగావాటు స్థాయి డేటా కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. గిగావాటు అంటే వెయ్యి మెగావాట్లు. ఇటువంటి కేంద్రాల్లో కొన్ని వేడెక్కిన నీటిని గోపురాల్లో చల్లి, కొంత ఆవిరి చేసి మిగతాదాన్ని చల్లబరుస్తాయి. అంటే అక్కడ చిప్పులకు చెమట పట్టించినట్టే. ఒక్క మెగావాటు ఉష్ణాన్ని పూర్తిగా ఈ పద్ధతిలోనే వదిలించుకోవాలంటే రోజుకు సుమారు 36 వేల లీటర్ల నీరు ఆవిరి కావాలి. సముద్రపు నీటితో చల్లబరచటం, మూసిన గొట్టాల్లో అదే నీటిని తిప్పి ఫ్యానులతో చల్లార్చటం వంటి ఇతర మార్గాలూ ఉన్నాయి; వాటికి మంచినీరు తక్కువ పడుతుంది, కొన్నిటికి విద్యుత్తు ఎక్కువ పడుతుంది. వెయ్యి మెగావాట్లకు ఆవిరి పద్ధతి ఒక్కటే వాడితే రోజుకు ఎన్ని లీటర్లో హెచ్చవేసి, మీ ఊరి మంచినీళ్ళ ట్యాంకు ఎన్నిసార్లు నిండుతుందో లెక్క కట్టండి.