ఎడారి లోయకు దిగువారికి ఎండ జాగ్రత్తలు

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున గ్రాండ్ కాన్యన్ జాతీయోద్యానవనము కలదు. కొలరాడో నది కోసిన ఈ లోయ లోతు సుమారు 1.6 కిలోమీటర్లు. వేసవి సెలవులలో అచ్చటికి పోవువారిలో ఆ దేశమున స్థిరపడిన తెలుగువారును, వారిని చూడవచ్చిన తల్లిదండ్రులును ఉందురు.

కొండ ఎక్కువానికి అలసట ముందే తెలియును, అలసినచో వెనుదిరుగును. లోయలో ఇందుకు విరుద్ధము. దిగుట సులభము, ఎక్కవలసిన కష్టమంతయు చివరకు మిగిలియుండును. దక్షిణపు గట్టు సముద్రమట్టమునకు సుమారు 2,100 మీటర్ల ఎత్తున నున్నది. గట్టున హాయిగా నున్న దినమున సైతము, 1,400 మీటర్ల దిగువనున్న నదీతీరమున ఎండ 40 డిగ్రీలు దాటవచ్చును. కనుక ఒక్క దినములో నది వరకు పోయి తిరిగి రావలెనని తలపెట్టరాదు. వేసవిలో ఉదయము 10 మొదలు సాయంత్రము 4 గంటల వరకు నడక మానవలెను. దిగుటకు పట్టిన కాలమునకు రెట్టింపు ఎక్కుటకు పట్టునని లెక్కించుకొనవలెను.

నీరు మాత్రమే త్రాగిన చాలదు. చెమటతో ఉప్పు పోవును. ఆహారము లేక నీరే అధికముగా త్రాగినచో రక్తములో ఉప్పు పలుచనై తలనొప్పి, వాంతి, మతిభ్రమ కలుగును. ఇంటినుండి తెచ్చిన జంతికలు ఇచ్చట చక్కగా పనికివచ్చును. రక్తపుపోటునకై మూత్రము హెచ్చించు మాత్రలు వాడు పెద్దలు ప్రయాణమునకు ముందే వైద్యుని సంప్రదింపవలెను; గట్టు వెంబడి నడచి చూచుటయే వారికి మేలు.

మాట తడబడి, నడక తూలినచో, చెమట పోయుచున్నను వడదెబ్బగానే యెంచవలెను. నీడకు చేర్చి, ఒంటిని తడిపి విసరుచు, 911కు కబురు చేయవలెను. లోయలో చాలచోట్ల సెల్‌ఫోను పనిచేయదు, ఒంటరిగా దిగరాదు.